సిపాయి ఉత్తరము, ఇంటి జవాబు

(మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల గ్రామ పంచాయతి సభ్యుల సమావేశములలో చేసిన ప్రసంగ పాఠము)



మా శాఖ వారు సభకు వచ్చినచో ఎరువులను గూర్చియో, ఇంటిపన్ను వసూలును గూర్చియో చెప్పుదురని మీరు ఎదురు చూచుచుందురు. ఈ పర్యాయము వేరొక విషయము తెచ్చితిమి. మీ గ్రామములలో సైన్యమునకు వెళ్లినవారి ఇండ్లు కలవు. ఆ ఇండ్లలో అటక మీదనో, మంచము క్రిందనో ఒక ఇనుప ట్రంకుపెట్టె యుండును. దాని మూత మీద తెల్లరంగుతో ఒక అంకె, ఒక పేరు వ్రాసియుండును. లోపల పింఛను కాగితముల అడుగున దారముతో కట్టిన ఉత్తరముల కట్ట యొకటి యుండవచ్చును. ఆ కట్టను గూర్చియే నేటి మా మాట.

ముందుగా ఒక సందేహము తీర్పవలెను. యుద్ధమునకు పోవుట పంజాబు వారికిని, గూర్ఖాలకును చెందిన పని గాని తెలుగువారిది కాదని మనలో ననుకొనుట కలదు. ఇది చరిత్రకు సరిపడదు. పదునెనిమిదవ శతాబ్దమున తూర్పిండియా కంపెనీ వారు మద్రాసు నుండి వంగదేశమునకు తీసికొనిపోయిన సిపాయిలు ఎంతటి పేరు పొందిరనగా, ఉత్తర హిందూస్థానమున సిపాయి యనుటకు బదులు 'తిలంగా' అను మాటయే వాడుకలోనికి వచ్చెను. పంతొమ్మిదవ శతాబ్దము చివర ఆంగ్ల సేనానులు దేశమున కొన్ని జాతులే యుద్ధమునకు తగినవని ఒక సిద్ధాంతము కల్పించి దక్షిణాది దళములను తగ్గించిరి. అయినను 1914లో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చినప్పుడు, అది ముగియులోపల మద్రాసు రాజధాని నుండి సుమారు 92 వేల మంది చేరిరి. వారిలో 41 వేల మంది తుపాకి పట్టినవారు కారు. కూలి పనులకు, బరువులు మోయుటకు, వంటకు వెళ్లినవారు. రెండవ ప్రపంచ యుద్ధమున నిర్బంధపు భర్తీ లేకయే ఇండియా సైన్యము 25 లక్షలకు పెరిగెను. పశ్చిమ గోదావరి సీమలో మాధవరమను గ్రామమునకు ఈ యుద్ధముల వలననే మిలిటరీ మాధవరమను పేరు స్థిరపడినది.

మన ప్రాంతమునకు బెంగుళూరు దగ్గర. వంతెనలు, బాటలు వేయు మద్రాసు సాపర్స్ దళమునకు ఆ నగరమే స్థావరము. కుప్పములో రైలెక్కినవాడు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరము పోయినచో అక్కడ దిగును. వాన మీద ఆధారపడిన మెట్టపొలము, ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములు, ఒక అప్పు పత్రము, దగ్గరలో రైలు. భర్తీకి ఇంతకంటె పెద్ద కారణము వెదకనక్కరలేదు.

మదనపల్లె పేరు చెప్పినచో చదువుకొన్న వారందరును 1919 ఫిబ్రవరి 28వ తేదీని తలచుకొందురు. ఆనాడు రవీంద్రనాథ ఠాకూరు గారు ఇక్కడి బెసెంటు దివ్యజ్ఞాన కళాశాలలో నుండి జనగణమన గీతమును ఆంగ్లమున వ్రాసిరి. తలచుకొనదగిన విషయమే. అయితే అప్పటికి యుద్ధ విరమణ జరిగి నాలుగు నెలలైనను కాలేదు. మెసపొటేమియాలో మన దళములు ఇంకను నిలిచియే యుండెను. ఆ నెలలోనే చుట్టుపట్ల పల్లెలలో టపావాని కొరకు వాకిట నిలిచిన ఆడువారు ఏమి తలచుకొనిరో ఏ పుస్తకమునను లేదు.

ఆ యుద్ధమున సిపాయిలు చాల వ్రాసిరి. 1915 ప్రారంభమున ఫ్రాన్సు దేశములోని భారత సైనికులు వారమునకు పది వేల నుండి ఇరువది వేల వరకు ఉత్తరములు పంపుచుండిరని లెక్క. చదువు రానివారు చదువు వచ్చిన తోటివానిచే వ్రాయించుకొనిరి. బొలోను అను రేవుపట్టణమున హోవెల్ అను ఆంగ్లేయాధికారి చేతిక్రింద ఒక తనిఖీ కార్యాలయము నెలకొల్పిరి. అక్కడ ఉత్తరములు విప్పి, చదివి, అవసరమని తోచిన భాగములను ఆంగ్లమునకు తిప్పి, పైవారికి నివేదికలు పంపుచుండిరి. సిపాయిలకు ఈ సంగతి తెలియును. అందుచే కొందరు మాట మార్చి వ్రాసిరి. నల్ల మిరియాలు అయిపోవచ్చినవి, ఇప్పుడు ఎర్ర మిరపకాయలు వాడుచున్నారను భావముతో ఒకడు వ్రాసెను. మిరియాలనగా భారత సిపాయిలు, మిరపకాయలనగా ఆంగ్ల సిపాయిలు. తనిఖీ చేయువారు ఆ గుట్టు కనిపెట్టకపోలేదు.

ఆ నివేదికలు నేడును లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రముగ నున్నవి. 1999లో డేవిడ్ ఒమిస్సీ అను చరిత్రకారుడు వానినుండి ఆరువందలకు పైగా ఉత్తరములను ఏరి గ్రంథముగ ప్రకటించెను. అయితే మనము గమనింపవలసినది వేరొకటి. ఆ బీరువాలలో నున్నవి ఆంగ్ల అనువాదపు ముక్కలు. అసలు ఉత్తరము, సిపాయి మాటలాడిన భాషలో నున్న ఉత్తరము, ముద్ర వేయించుకొని ఇంటికి చేరినది. పైగా ఫ్రాన్సులో నున్నవారిలో పంజాబు మొదలగు ఉత్తర ప్రాంతముల వారే ఎక్కువ. మద్రాసు దళములు ఎక్కువగ మెసపొటేమియాకు, తూర్పు ఆఫ్రికాకు వెళ్లెను. కనుక తెలుగు సిపాయి తన భార్యకు ఏమి చెప్పుకొనెనో తెలిసికొనుటకు లండను పోయినను ఎక్కువ లాభము లేదు. అది మీ అటక మీదనే వెదకవలెను.

ఇంకొక సంగతి కూడ చెప్పవలెను. బాస్రా వద్ద ఆ యుద్ధమున చనిపోయి సమాధి దొరకని వారికి ఒక స్మారక చిహ్నము కట్టిరి. అందులో ఆంగ్లేయుల పేర్లు చెక్కిరి. భారతీయులలో అధికారుల పేర్లు చెక్కిరి. సామాన్య సిపాయిల విషయమున మాత్రము ఏ దళమున ఎందరు అను సంఖ్యతో సరిపెట్టిరి. ఇట్టి భేదము పలుచోట్ల జరిగినదని ఆ సమాధులను చూచుకొను సంఘమే 2021లో ఒప్పుకొని క్షమాపణ చెప్పినది. రాతి మీద పేరు లేనివానికి ఒక పోస్టుకార్డు చివర తన చేవ్రాలైనను ఉండవచ్చును గదా.

ఇక ఇంటి జవాబును గూర్చి. మా అభిప్రాయమున ఇదియే అసలు కథ.

1911 జనాభా లెక్కల ప్రకారము దేశమున స్త్రీలలో చదువను వ్రాయను వచ్చినవారు నూటికి ఒక్కరు. కనుక సిపాయి భార్య తన ఉత్తరమును తాను వ్రాయలేదు, వచ్చినదానిని తాను చదువలేదు. కరణము గారో, బడిపంతులో, టపా తెచ్చినవాడో చదువవలెను. చదువునప్పుడు అత్తమామలు, మరుదులు, ఇరుగుపొరుగు కూర్చుండియుందురు. అసలు ఉత్తరము ఆమె పేరనే రాదు. "మహారాజశ్రీ తండ్రిగారికి" అని మొదలుపెట్టి, "ఉభయ కుశలోపరి" అని, పొలము సంగతి, అప్పు సంగతి, ఎద్దుల సంగతి, చెల్లెలి పెండ్లి సంగతి అన్నియు అయిన పిదప, కార్డులో మిగిలిన చోట "పెద్దవాని అమ్మకు నేను బాగున్నానని చెప్పవలెను" అని యుండును. ఆ ఒక్క వాక్యము ఆమెది.

జవాబు వ్రాయించుట మరియు కష్టము. ఆనాటి ఇల్లాలు భర్త పేరు నోట పలుకదు. చెప్పదలచినది పదిమంది ఎదుట చెప్పవలెను. ఆమె "ఒళ్లు జాగ్రత్తగా చూసుకోమను" అన్నచో పంతులుగారు "శరీరారోగ్యము విషయమై మిక్కిలి శ్రద్ధ వహింపవలెనని ప్రార్థన" అని వ్రాయును. పంతులుగారిని నిందింపరాదు, ఉత్తరమనగా అట్లే యుండవలెనని వారికి నేర్పిరి. కాని దూరదేశమున గుడారములో కూర్చుండి ఇంకొకనిచే అది చదివించుకొన్న సిపాయి, ఆ మాటల వెనుక భార్య గొంతును తానే ఊహించుకొనవలసి వచ్చెను. పంపినవానికి వ్రాతగాడు, అందుకొన్నదానికి చదువరి, నడుమ తనిఖీదారు. ఇద్దరి ఉత్తరమును అయిదుగురు మోసిరి.

మేము చూచిన కట్టలలో భార్యల జవాబులు చాల తక్కువ. కారణము స్పష్టమే. సిపాయి ఉత్తరము ఇంటిలో నిలిచినది; ఇంటి ఉత్తరము యుద్ధభూమిలో తడిసినది, పోయినది. సెలవు మీద వచ్చునప్పుడు సామానులో పెట్టి తెచ్చినవి మాత్రమే మిగిలినవి. అట్టి జవాబు మీ కంట బడినచో అది అరుదైనదని తెలిసికొనుడు.

కుప్పము దిక్కున మేమొక వింత చూచితిమి. అక్కడ ఒకే వీథిలో తెలుగు, తమిళము, కన్నడము మూడును వినబడును. రెండవ యుద్ధము నాటికి సైన్యమున ఉర్దూ భాషను రోమను అక్షరములలో వ్రాయుట నేర్పుచుండిరి. ఊరిబడికి పోనివాడు దండులో ఆ అక్షరములు నేర్చి, వానితోనే తెలుగు మాటలు వ్రాసి ఇంటికి పంపెను! ఊరిలో చదువువారు లేక ఆ ఉత్తరము స్టేషనుకు పోయి, అక్కడ ఆంగ్లము వచ్చిన ఉద్యోగిచే చదివింపబడెనట. ఆయన శబ్దము పలుకగా ఇంటివారు అర్థము చెప్పుకొనిరి. నేటి మన పిల్లలు ఫోనులో తెలుగును రోమను లిపిలో కొట్టుట చూచి కోపించు పెద్దలకు ఈ సంగతి చెప్పుచుందుము.

మనియార్డరును గూర్చి చెప్పక విడువరాదు. 1914 నాటికి సిపాయి నెల జీతము 11 రూపాయలు. ఆ జీతములో కొంత భాగము ఇంటికి చేరునట్లు దండులోనే వ్రాయించుకొనవచ్చును. ఎవరి పేర వ్రాయించవలెను? తల్లి పేరనా, భార్య పేరనా? మేము చూచిన ఉత్తరములలో యుద్ధమును గూర్చిన మాటలకంటె ఈ తగవును గూర్చిన మాటలే హెచ్చు. మనియార్డరు ఫారము అడుగున రెండు మూడు పంక్తులు వ్రాసికొనుటకు చోటుండెడిది. ఒక సిపాయి ప్రతి నెలయు అక్కడ ఒక మాటయే వ్రాసియున్నాడు: "నీ చేతికే." డబ్బు భార్య చేతికే ఇవ్వవలెనని భావము. అట్టి ఫారము ముక్కలు పదునాలుగింటిని ఆమె దాచుకొన్నది. చదువు రాకపోయినను ఆ అక్షరముల ఆకారము ఆమెకు తెలిసియుండవలెను.

మా వలన జరిగిన ఒక పొరపాటును కూడ చెప్పుకొందుము. కొన్ని సంవత్సరముల క్రిందట మదనపల్లె దగ్గరి యొక గ్రామమున జాతీయ దినోత్సవమునకు ఒక చిన్న ప్రదర్శన పెట్టితిమి. 1943, 44 నాటి ఉత్తరముల కట్టను ఒక ఇంటివారు మాకు ఇచ్చిరి. వీరోచితమగు మాటలు కనబడునని ఆశతో చదివితిమి. అందులో మేకలు, బావి పూడిక, పిల్లవాని జ్వరము, ఒక అప్పు. మాకు కొంత నిరుత్సాహము కలిగిన మాట నిజము. అయినను సభలో ఒకటి చదివి వినిపించితిమి. అందులో అప్పు ఇచ్చినవారి పేరును, వారు అధిక వడ్డీ కట్టించుకొన్న సంగతియు కలదు. ఆ అప్పు ఇచ్చినవారి మనుమడు ముందు వరుసలోనే కూర్చుండియుండెను. ఆయన లేచిపోయెను. ఉత్తరములిచ్చిన ఇంటివారు తలవంచుకొనిరి. రెండిండ్ల నడుమ ఎనుబది సంవత్సరముల తరువాత మాట పట్టింపు వచ్చెను. దానిని సరిచేయుటకు ఆ ఊరి సర్పంచి గారికి నాలుగు నెలలు పట్టెను. తప్పు మాదే. ఉత్తరము ఇద్దరి మధ్యది; మూడవవాడు సెలవు పుచ్చుకొని గాని నోరు విప్పరాదు.

కనుక మీరు చేయవలసిన పనిని గూర్చి మా అనుభవము మీద చెప్పెదము. కట్టను పంచాయతి కార్యాలయమునకు తెప్పింపకుడు. అది ఆ ఇంటిలోనే యుండవలెను. ఇంటివారు ఒప్పుకొన్నచో ఫోనుతో ఛాయాచిత్రము తీయించుడు. కార్డునకు రెండు వైపులను, కవరును కూడ తీయవలెను. కవరు పారవేయుట చాలచోట్ల చూచితిమి. ఉత్తరములో ఊరు పేరు వ్రాయరాదని నిషేధముండుటచే, కవరు మీది ముద్రలోని తేదీయు, సైనిక టపా కార్యాలయపు సంఖ్యయు మాత్రమే సిపాయి ఎక్కడ నుండెనో చెప్పగలవు. చిరిగినదానికి అంటించు టేపు వేయరాదు, ప్లాస్టిక్కుతో మూయించరాదు. చెద లేని పెట్టెలో శుభ్రమైన నూలుగుడ్డ చుట్టి పెట్టిన చాలును. సిపాయి అంకెను, దళము పేరును వేరుగ వ్రాసి యుంచుడు. పింఛను విషయమున చిక్కులున్న వృద్ధ స్త్రీలకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమున ఆ అంకె అక్కరకు వచ్చును. పేరులో అక్షరము తప్పి, ఇంటిపేరు ఊరిపేరుగ మారి తిరుగుచున్న దరఖాస్తులు మేము చూచితిమి. అన్నిటికంటె ముందు, ఆ ఉత్తరములను ఎవరు చదివిరి, జవాబు ఎవరు వ్రాసిరి, ఏ మాట చెప్పగా ఏ మాట వ్రాసిరి అని జీవించియున్న పెద్దలను అడిగి వ్రాసికొనుడు. కాగితము ఇంకొక పదేండ్లు నిలువవచ్చును. ఆ జ్ఞాపకము నిలువదు.

స్వాతంత్ర్యము తరువాత సిపాయి చిరునామా మారినది. అంకె, హోదా, పేరు, దళము, పిదప 56 ఎ.పి.ఓ. అనియో 99 ఎ.పి.ఓ. అనియో వ్రాసిన చాలును. ఊరుపేరు లేని చిరునామా. కాశ్మీరములో నున్నను, తూర్పు సరిహద్దున నున్నను భార్యకు తెలియునది ఆ అంకె యొక్కటియే. ఉత్తరము మెల్లగ వచ్చును. తంతి వేగముగ వచ్చును. అందుచేతనే 2013 జూలైలో తంతి సేవ నిలిచిపోవు వరకు, పల్లెలో తంతి యనగానే విప్పకముందే ఏడ్చుట యుండెను.

చదువు పెరిగినను ఒక పాత అలవాటు పోలేదు. 1999లో కార్గిల్ యుద్ధమున హైదరాబాదు వాసియగు మేజర్ పద్మపాణి ఆచార్య జూన్ 19వ తేదీన తండ్రిగారికి ఒక ఉత్తరము వ్రాసెను. గర్భవతియగు తన భార్యకు దినమునకు ఒకటి చొప్పున మహాభారత కథలు చెప్పుమని అందులో కోరెను. జూన్ 28న ఆయన వీరమరణము పొందెను. మహావీర చక్రము లభించినది. బిడ్డ తరువాత పుట్టినది. ఇంతటి విద్యావంతుల ఇంటను, భార్యను గూర్చిన మాట తండ్రి ఉత్తరములోనే చేరుట గమనింపుడు.

ఇప్పుడు ఉత్తరము లేదు, ఫోను కలదు. కురబలకోట మండలమునకు చెందిన లాన్సు నాయకు సాయితేజ మనవాడే. 2021 డిసెంబరు 8వ తేదీన కూనూరు వద్ద జనరల్ బిపిన్ రావత్ గారితో పాటు హెలికాప్టరు కూలి మరణించెను. ఆ ఉదయమే ఆయన ఫోనులో ముఖము చూపుచు భార్యాబిడ్డలతో మాటలాడెనని పత్రికలలో వచ్చినది. ఎవరును చదివి వినిపింపనక్కర లేకుండ, ఎవరికిని చెప్పి వ్రాయింపనక్కర లేకుండ ఇద్దరును ఎదురెదురుగ మాటలాడుకొనిరి. ఇది నూరేండ్ల క్రిందటి ఏ సిపాయి భార్యకును దక్కని భాగ్యము. పెట్టెలో దాచుకొనుటకు మాత్రము ఏమియు మిగులదు.

పుంగనూరు దగ్గరి ఒక పల్లెలో మాకు పరిచయమైన ఒక అవ్వను గూర్చి చెప్పి ముగింతుము. ఆమె భర్త 1971 డిసెంబరు యుద్ధమున పోయెను. ఆ రోజులలో దేహమును ఇంటికి పంపు ఏర్పాటు లేదు; తంతి వచ్చినది, తరువాత పెట్టె వచ్చినది. తంతి వచ్చిన పదునొకండవ దినమున, ఆయన యుద్ధమునకు ముందు వ్రాసిన ఉత్తరము వచ్చెను. ఈ మారు అది మామగారి పేర గాక ఆమె పేరనే యుండెను. పైన "చి. ల. సౌ." అని వ్రాసియున్నది. టపా తెచ్చినవాడే ఎప్పుడును చదివి చెప్పువాడు. ఆతడు ఆ మూడు అక్షరములు చూచి నోరు మెదపలేక నిలిచెను. ఆమె చేయి చాచి పుచ్చుకొని, చదువవద్దని చెప్పినది. ఆరు నెలల పసిబిడ్డ పెద్దదై, పదవ తరగతి చదువునప్పుడు, ఒకనాటి రాత్రి తలుపు వేసికొని ఆ బిడ్డచే చదివించుకొన్నది.

ఆ ఉత్తరములో నున్నదంతయు మీకు చెప్పము. చెప్పవచ్చునని ఆమె సెలవిచ్చిన మాట ఒకటి కలదు. ఇంటిలో నున్న పొట్టి ఆవు ఈనినదా యని అడిగి, ఎంత కష్టము వచ్చినను దానిని అమ్మవద్దని ఆయన వ్రాసెను.

"దినాల ఖర్చుకి అప్పటికే అమ్మేస్తి నాయనా," అని ఆమె మాతో అన్నది.

ఛాయాచిత్రము తీసికొనుటకు ఒప్పుకొన్నది. కవరును వెలుతురునకు త్రిప్పి మేము ముద్ర చూచుచుండగా, ఆ అంకెను బట్టి అది ఏ ఊరో చెప్పగలరా యని అడిగినది. యాబది యేండ్లకు పైగా అది ఆమెకు తెలియలేదు. ఆ టపా కార్యాలయము ఆనాడు ఏ చోట నుండెనో తెలుపుమని వ్రాసియున్నాము. జవాబు వచ్చినప్పుడు ఫోనులో గాక ఆమె ఇంటికే వెళ్లి చెప్పుదుము.